పాత సాఫ్ట్‌వేర్ మార్పిడి – మూడో పాఠం: గుమాస్తా పక్క కుర్చీ

మొదటి రెండు పాఠాల్లో ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్ ఇంటర్న్ పని ఏమిటో, పాత సాఫ్ట్‌వేర్ని మార్చాల్సిన అవసరం ఎందుకొస్తుందో చూశాం. ఈసారి ల్యాప్‌టాప్ మూసి బయటికి వెళ్దాం.

మీ కంపెనీ విశాఖపట్నం మధురవాడలో ఉందనుకోండి. కస్టమర్ గాజువాక ఆటోనగర్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు. సరుకు బుకింగ్, ఎల్‌ఆర్ (లారీ రసీదు) కొట్టడం, కిరాయి బాకీలు చూసుకోవడం, అన్నీ ఎప్పుడో విజువల్ ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ సాధనంలో రాయించుకున్న ప్రోగ్రాంలోనే. ఫాక్స్‌ప్రో చివరి వెర్షన్ 2004లో వచ్చింది, 2015 జనవరితో మైక్రోసాఫ్ట్ దాన్ని పట్టించుకోవడం మానేసింది. రాసిచ్చినాయన ఊరొదిలి వెళ్లిపోయాడు. అయినా ప్రోగ్రాం రోజూ తెరుచుకుంటుంది, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కరకరమంటూ మూడు కాపీల ఎల్‌ఆర్ ఇస్తుంది. మీ మేనేజర్ మాత్రం దీని స్థానంలో కొత్తది పెట్టాలి, రిక్వైర్‌మెంట్స్ రాసుకురా అన్నారు.

చాలామంది ఇక్కడ చేసే పని ఒకటుంది. పాత ప్రోగ్రాం మెనూలన్నీ వరసగా ఎక్సెల్‌లోకి ఎక్కించి, ఇదిగో రిక్వైర్‌మెంట్స్ అని పట్టుకొస్తారు. ఆ షీటు చూసి టీమ్ ఆర్నెల్లు కష్టపడి పాతదాన్నే కొత్త రంగుల్లో కట్టిస్తుంది. ఆ మెనూలో సగం ఎవరూ ముట్టుకోనివి. రోజూ జరిగే పనుల్లో సగం అసలు మెనూలోనే ఉండవు. ఈ రెండో సగం కోసమే మనం ఆటోనగర్ బస్సెక్కుతున్నాం.

ముందు ఓనరు గారిని కలవాలి, అది మర్యాద. "అంతా బానే ఉందమ్మా, బాకీలు నా ఫోన్లో కనబడితే చాలు" అంటారు. రాసుకోండి, అది తర్వాత పనికొస్తుంది. టీ తాగి బుకింగ్ కౌంటర్ వెనక్కి వెళ్లండి. అక్కడ పద్దులు చూసే పెద్దాయన మిమ్మల్ని అనుమానంగానే చూస్తారు.

"ఏటి బాబూ, ఇది తీసేస్తారా ఏటి?"

"ఇప్పుడే ఏమీ తియ్యం మాస్టారూ. మీరెలా చేస్తారో చూద్దామని వచ్చాను. మీ పని మీరు కానివ్వండి."

కొత్త సాఫ్ట్‌వేర్ వస్తే తన కుర్చీ ఉంటుందో ఊడుతుందో ఆయనకు తెలీదు, ఆ టెన్షన్ సహజం. మీకూ తెలీదు కాబట్టి లేనిపోని హామీలు ఇవ్వకండి. "మీకు ఏం కావాలి?" అని కూడా అడగొద్దు. ఆ ప్రశ్నకు ఎవరైనా అప్పటికప్పుడు తోచింది చెబుతారు. "ఇందాక వచ్చిన బుకింగ్ ఎలా ఎక్కించారో ఇంకోసారి చూపిస్తారా?" అనండి. అక్కడి నుంచి మీ కళ్లు ఆయన వేళ్ల మీద ఉండాలి.

లారీ నంబరు దగ్గర ఆయన ఏపీ31 అని కొట్టి ట్యాబ్ నొక్కుతారు. పక్క గడిలో విశాఖపట్నం అని దానంతటదే పడుతుంది. వెంటనే వెనక్కొచ్చి 31 చెరిపి 39 కొడతారు. రెండు సెకన్ల పని. ఎందుకలా అంటే, ప్రోగ్రాం రాసిన రోజుల్లో ఏపీ31 అంటే విశాఖ జిల్లా బండి. 2019లో రాష్ట్రమంతా కొత్త బండ్లకు ఏపీ39 ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ కోడ్ ఈ ప్రోగ్రాంకు తెలీదు, ఊరి గడి ఖాళీగా ఉంటే సేవ్ చెయ్యనివ్వదు. పెద్దాయన దారి కనిపెట్టుకున్నారు. ఇదొక ఇబ్బందని ఆయనకు గుర్తుకూడా లేదు, అందుకే మీరెన్ని ప్రశ్నలేసినా ఇది బయటికి రాదు. మీకు దీంట్లో ఒక కబురుంది: డేటాలో విశాఖపట్నం అని ఉన్నంత మాత్రాన ఆ లారీ విశాఖదని నమ్మడానికి లేదు.

కిందికి రండి. రిమార్క్స్ గడిలో పన్నెండు అంకెల నంబరు కొడుతున్నారు. అది ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం. యాభై వేలు దాటిన సరుకుకు 2018 నుంచి తప్పనిసరి, ప్రోగ్రాం అంతకంటే పాతది కాబట్టి దానికి గడి లేదు. అదే రిమార్క్స్‌లో కొన్నిచోట్ల "2 బస్తాలు తడి", కొన్నిచోట్ల హమాలీ ఫోన్ నంబరు కూడా ఉంటాయి. డెవలపర్లకు "రిమార్క్స్: టెక్స్ట్, ఐచ్ఛికం" అని రాసిచ్చారంటే ఈ ఆఫీసులో అన్నిటికంటే ముఖ్యమైన గడిని చెత్తబుట్టని చేసినట్టే.

నాకు బాగా నచ్చేది పార్టీ పేర్ల జాబితా. కొన్ని పేర్ల ముందు చుక్క ఉంటుంది, కొన్నింటి ముందు రెండు జెడ్‌లు. చుక్క పెడితే పేరు జాబితాలో పైకొస్తుంది, అంటే రోజూ వచ్చే పార్టీ. జెడ్‌లు పెడితే అడుక్కి పోతుంది, అంటే బాకీ ఎగ్గొట్టిన పార్టీ, టు-పే (సరుకు అందుకునేటప్పుడు కిరాయి కట్టడం) తప్ప ఇవ్వొద్దని. క్రెడిట్ కంట్రోల్ అనే పెద్ద మాట వెనకున్న పనంతా ఇక్కడ రెండక్షరాలతో నడుస్తోంది. రేపు డేటా శుభ్రం చేసే కుర్రాడు పేర్ల ముందున్న అనవసరపు అక్షరాలు తీసేశాను అని గర్వంగా చెబుతాడు. అతని తప్పేం లేదు, అతనికి చెప్పాల్సింది మీరే.

మానిటర్ పక్కన పెట్టుకున్న నోటుపుస్తకం, గోడ క్యాలెండర్ మీద గీసిన గీతలు, కీబోర్డు కింద చీటీలు కూడా సాఫ్ట్‌వేర్‌లో భాగమే. అడిగి ఫొటో తీసుకోండి. ఒక పూట చూస్తే రోజువారీ పని తెలుస్తుంది. జీఎస్టీ రిటర్నులు వేసే పదకొండో తారీఖుకి ముందు, నెలాఖరున ఇంకోసారి వెళ్లండి. మార్చి నెలాఖరు చూసే వీలు ఇంటర్న్‌షిప్‌లో లేకపోతే పోయినేడాది కాగితాలు తిరగేయించండి.

ఆఫీసుకి తిరిగొచ్చాక నాలుగు కాలమ్‌ల షీటు చాలు. ఏం పని, ఎవరు చేస్తారు, ఎన్నాళ్లకోసారి, మానేస్తే ఎవరు ఫోన్ చేస్తారు. నాలుగోది ఖాళీగా మిగిలితే ఆ పనిని కొత్తదానిలోకి మోసుకెళ్లకండి. "జిల్లాల వారీ రిపోర్టు" అలాంటిదే. 2022 ఏప్రిల్లో అనకాపల్లి, అల్లూరి జిల్లాలు విడిపోయాక కూడా అందులో నర్సీపట్నం, అరకు విశాఖ కిందే వస్తున్నాయి, ఎవరూ అడగలేదు. ఆ రిపోర్టు కాగితం ఎవరి టేబుల్ మీదికీ చేరట్లేదన్నమాట.

ఇక ఏది ముందు మార్చాలి? ఒక్క రాత్రిలో అంతా మార్చేద్దామనే వాళ్లు ప్రతి మీటింగ్‌లోనూ ఒకరుంటారు. బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్లో యాభై లక్షలకు పైగా ఖాతాదారుల్ని ఒకేసారి కొత్త వ్యవస్థలోకి మార్చింది. లక్షలమందికి వారాల తరబడి ఖాతాలు సరిగ్గా తెరుచుకోలేదు, 2022లో నియంత్రణ సంస్థలు 4.865 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. రెండో దారి కొంచెం కొంచెంగా మార్చడం. దానికి 2004లో సాఫ్ట్‌వేర్ రచయిత మార్టిన్ ఫౌలర్ స్ట్రాంగ్లర్ ఫిగ్ అనే చెట్టును చూసి పేరు పెట్టారు. తాటిచెట్టు మీద మర్రి మొలిచి వేళ్లు దించుకుంటూ చివరికి తానే నిలబడుతుంది కదా, అలా ముక్క ముక్కగా కొత్తది పాతదాని చోటు తీసుకోవాలి.

మన ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకి నేనైతే మొదటి ముక్కగా ఓనరు గారి ఫోన్లో బాకీల జాబితానే ఎంచుకుంటాను. రాత్రి పాత ప్రోగ్రాం నుంచి డేటా కాపీ అవుతుంది, పొద్దున్న ఫోన్లో కనబడుతుంది, పాతదాన్ని ఎవరూ కదపరు. తేడా వస్తే ఓనరు గారే ముందు అరుస్తారు, అప్పటికి ఏ లారీ ఆగిపోయి ఉండదు. ఎల్‌ఆర్ కొట్టే పనిని చివరికి ఉంచండి. అది ఆగితే లోడైన బండి గేటు దగ్గరే నిలబడుతుంది.

ఈ వారం పని: మీకు తెలిసినచోట పాత ప్రోగ్రాం వాడుతున్నవాళ్లను వెతకండి. ద్వారకానగర్ మందుల షాపు, పూర్ణా మార్కెట్ హోల్‌సేల్ కొట్టు, మీ బాబాయి వాళ్ల సొసైటీ, ఏదైనా పరవాలేదు. రద్దీ లేని వేళ చూసి, అడిగి, ఒక గంట పక్కన కూర్చోండి. మెనూలో లేకుండా జరిగే పనులు కనీసం ఐదు పట్టుకుని, నాలుగు కాలమ్‌ల షీటులో పెట్టండి. పార్టీల పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం షీటులోకి ఎక్కించకండి, అవి వాళ్ల వ్యాపారం.

వచ్చే పాఠంలో ఫాక్స్‌ప్రో డేటా దాచుకునే డీబీఎఫ్ ఫైలు తెరుస్తాం. ఫాక్స్‌ప్రోలో రికార్డు డిలీట్ చేస్తే అది పోదు, ప్యాక్ అనే కమాండ్ ఇచ్చేదాకా గుర్తు పెట్టుకుని లోపలే ఉంటుంది. ఆ గుర్తుని చూడకుండా డేటా లాగితే ఎప్పుడో రద్దయిన బుకింగులు బాకీల్లోకి ఎలా తిరిగొస్తాయో అక్కడ చూద్దాం.