హిమానీనదం ఎలా పారుతుందో క్లాసులో చూపించడం ఎలా?

సైన్స్ ఎగ్జిబిషన్లలో హిమానీనదం మోడల్ అనగానే ఏటవాలు చెక్క మీద ఐసు ముక్కను జార్చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. హిమానీనదం అడుగున జారే మాట నిజమే. కానీ అది తన బరువుకి తానే లోపల్లోపల సాగుతుంది కూడా. ఆ సాగడం కంటికి కనిపించకపోతే పిల్లలకి సగం పాఠమే చెప్పినట్టు. కొందరు కార్న్‌ఫ్లోర్ నీళ్లలో కలిపి పోస్తారు. సాగడం కనిపించాలంటే పైన ఒక గీత గీసి చూడాలి, అది గీత గీసేలోపే కిందికి పోతుంది. అందుకే జిగురుతో మెల్లగా సాగే ముద్ద చేద్దాం.

కావలసినవి: అరకప్పు తెల్ల ఫెవికాల్, వెలిగారం, స్కెచ్ పెన్, నిలువునా రెండుగా కోయించిన మూడంగుళాల పీవీసీ పైపు రెండడుగులు. పైపే వాడాలి, అట్టపెట్టె పనికిరాదు.

జిగురులో అరకప్పు గోరువెచ్చని నీళ్లు కలపండి. వేరే గ్లాసులో పావు లీటరు వేడినీళ్లకి ఒక టీస్పూన్ వెలిగారం కరిగించి చల్లారనివ్వండి. వెలిగారం నోట్లోకి, కంట్లోకి పోకూడదు కాబట్టి ఈ పని పెద్దవాళ్లే చేయాలి.

అందరూ చెడగొట్టేది ఆ తర్వాతే. వెలిగారం నీళ్లన్నీ జిగురులో ఒకేసారి పోసేస్తారు. రెండు నిమిషాల్లో ముద్ద బిగుసుకుపోతుంది, పైపులో పెడితే కదలదు. ఒక్కో చెంచా చొప్పున పోయండి. పోసిన ప్రతిసారీ అడుగు నుంచి పైకి బాగా కలపండి. గిన్నె అంచులు వదులుతూ, చేతికి ఇంకా కాస్త అంటుకుంటుండగానే ఆపేయాలి. చేత్తో పిసికే కొద్దీ అది ఇంకా గట్టిపడుతుంది. గ్లాసులో నీళ్లు మిగిలితే మిగలనివ్వండి.

సరిగ్గా కుదిరిందో లేదో ఇలా చూడండి. గుప్పెడు ముద్ద పైకెత్తి పట్టుకుంటే మెల్లగా కిందికి సాగాలి. అదే ముద్దను గబుక్కున లాగితే తెగాలి. రెండూ జరగాలి. అసలు హిమానీనదంలోనూ పైన దాదాపు 50 మీటర్ల మందం ఐసు పెళుసుగా ఉండి పగుళ్లిస్తుంది, అంతకంటే లోతున ఒత్తిడికి విరక్కుండా సాగుతుంది. ముద్ద మరీ జారుగా ఉంటే ఇంకో చెంచా పోయొచ్చు. బిగుసుకుపోతే మాత్రం నీళ్లతో సరిచేయాలని చూడకండి, కలవవు. మళ్లీ మొదలుపెట్టండి.

పైపు ఒక చివర కింద రెండు పుస్తకాలు పెట్టి, పై చివర ముద్ద వేయండి. అది రెండు అంచులకీ ఆనేదాకా ఆగి, అప్పుడు అడ్డంగా తిన్నటి గీత గీయండి. కాసేపటికి గీత నడుమ ముందుకు పోయి, అంచుల దగ్గర వెనకబడి, విల్లులా వంగుతుంది. 1840లలో స్విట్జర్లాండ్‌లోని ఉంటెరార్ హిమానీనదం మీద శాస్త్రవేత్త లూయీ అగాసీ, 1842లో ఆల్ప్స్‌లోని మేర్ ద గ్లాస్ హిమానీనదం మీద మరో శాస్త్రవేత్త జేమ్స్ ఫోర్బ్స్ కొలిచి తేల్చింది ఇదే: అంచుల కన్నా నడుమ వేగం ఎక్కువ. రెండోసారి పైపు లోపల తడిపి చేయండి. ఈసారి గీత అంతగా వంగకుండా ముద్దంతా కలిసి జారుతుంది. వేసవిలో కరిగిన నీళ్లు అడుగుకి చేరినప్పుడు చాలా హిమానీనదాల వేగం పెరిగేది అందుకే.

చివరగా, గంగోత్రి హిమానీనదం వెనక్కి తగ్గుతోందని చెప్పగానే పిల్లలు ముద్దను పైకి నెడతారు. వెంటనే ఆపండి. దాని కొస అయిన గోముఖ్ దగ్గర కూడా ఐసు కిందికే వస్తోంది. వచ్చేదానికన్నా కరిగేది ఎక్కువ కావడం వల్ల కొస పైకి తగ్గుతోంది. అది చూపించాలంటే, కిందికి వచ్చినదానికన్నా కాస్త ఎక్కువగా ముద్ద కొసను కత్తెరతో కోస్తూ ఉండండి. కొస పైకి జరుగుతుంది, గీత కిందికి కదులుతుంది. రెండు దూరాలూ పిల్లల చేతే స్కేలుతో కొలిపించండి.

అయ్యాక అందరి చేతులూ సబ్బుతో కడిగించండి. ముద్దను సింకులో వేయకండి, పూడుకుపోతుంది. చెత్తబుట్టలో వేయండి.