హాస్కెల్‌లో ఎర్రర్ వస్తే ముందు పేర్లు చూడండి, తర్వాత ఖాళీలు

హనుమకొండ హాస్టళ్లలో సీ, పైథాన్ రాసి అలవాటైన పిల్లలు హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టగానే ఎర్రర్లు చూసి పరేషాన్ అయ్యి, బాగానే ఉన్న లాజిక్‌ను తీసేసి మళ్లీ రాస్తుంటారు. దాని జోలికి పోకండి. మొదట్లో తప్పు ఎక్కువగా పేరులోనో, ఖాళీలోనో ఉంటుంది.

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మితే ఎంత వస్తుందో లెక్కగట్టే ఫంక్షన్ రాస్తున్నారనుకుందాం, పేరు 'బిల్'. ఇంగ్లీషులో టైప్ చేసేటప్పుడు మొదటి అక్షరం పెద్ద బి పెట్టారో, 'డేటా కన్‌స్ట్రక్టర్ నాట్ ఇన్ స్కోప్' అంటుంది, అంటే ఆ పేరుతో కన్‌స్ట్రక్టర్ (ఒక టైపు విలువను తయారుచేసే పేరు) ఏదీ దొరకలేదని. ఫంక్షన్లు, వేరియబుల్స్ చిన్న అక్షరంతోనో అండర్‌స్కోర్‌తోనో మొదలవ్వాలి, పెద్ద అక్షరం టైపులకు, కన్‌స్ట్రక్టర్లకు. ఈ మెసేజ్ కనబడితే ముందు ఆ అక్షరమే చూడండి.

హైఫన్‌తో ఇంకా జాగ్రత్త. 'మిర్చి-రేట్' అని పేరు పెట్టి ఈక్వల్ గుర్తు, పక్కన ఒక సంఖ్య రాస్తే హాస్కెల్ దాన్ని పేరుగా తీసుకోదు, మైనస్ అనే ఆపరేటర్‌కే మీరు కొత్త అర్థం ఇస్తున్నారనుకుంటుంది! ఫైల్లో ఇంకెక్కడా మైనస్ లేకపోతే చప్పుడు చేయకుండా కంపైల్ కూడా అవుతుంది, ఎక్కడో తీసివేత రాసినప్పుడు మాత్రం 'యాంబిగ్యుయస్ అకరెన్స్' (రెండు మైనస్‌లు ఉన్నాయి, ఏదో తెలియట్లేదు) అని ఆ లైన్‌ను పట్టుకుంటుంది, అసలు తప్పేమో పైన ఎక్కడో ఉంటుంది. అందుకే పేర్లలో హైఫన్ వద్దు. 'టైప్', 'డేటా', 'క్లాస్' లాంటి మాటలు భాష తనకోసం ఉంచుకుంది, అవీ వేరియబుల్‌కు పనికిరావు.

ఫంక్షన్‌కు విలువలు ఇచ్చేటప్పుడు బ్రాకెట్లు, కామాలు అక్కర్లేదు, మధ్యలో ఖాళీ చాలు. అయితే మైనస్ 50 ఇవ్వాలంటే దాని చుట్టూ బ్రాకెట్లు తప్పనిసరి, లేకపోతే ఫంక్షన్‌లోంచి 50 తీసేయమన్నారనుకుంటుంది. ఇఫ్ రాస్తే ఎల్స్ కూడా ఉండాల్సిందే.

'పార్స్ ఎర్రర్' (రాసిన తీరు అర్థం కాలేదని) వస్తే చూపించిన లైన్‌తో పాటు దాని పై లైన్ కూడా చదవండి, మూయని బ్రాకెట్ చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. లెట్ (లోపల వాడుకునే పేర్లు రాసే చోటు) కింద పేర్ల లైన్లన్నీ మొదటి పేరు మొదలైన నిలువు వరుసలోనే మొదలవ్వాలి, కుడికి జరిగితే పై లైన్‌కు కొనసాగింపు అనుకుంటుంది. ట్యాబ్‌ను హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ 8 నిలువు వరుసల లెక్కన చదువుతుంది, మీ ఎడిటర్‌లో 4 కనబడొచ్చు, అందుకే ట్యాబ్ నొక్కితే స్పేస్‌లు పడేలా సెట్టింగ్ ఇవాళే మార్చుకోండి.

పది ఎర్రర్లు వచ్చినా టెన్షన్ పడకండి, మొదటిదొక్కటే సరిచేసి జీహెచ్‌సీఐలో (కోడ్‌ను అక్కడికక్కడే నడిపి చూసే జీహెచ్‌సీ విండో) కోలన్, ఆర్ కొట్టి మళ్లీ లోడ్ చేయండి, కింద ఉన్నవి చాలావరకు దాంతోనే పోతాయి.