హైదరాబాద్ ఒక్కరోజు టూరా? శుక్రవారం వద్దు

ఊరి నుంచి చుట్టాలొస్తే టూర్ బస్సెక్కించి చార్మినార్, గోల్కొండ చూపించేద్దాం అనుకునేవాళ్లకి ఒక మాట: శుక్రవారం మాత్రం బుక్ చేయకండి. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండింటికీ ఆరోజే సెలవు, పైగా మక్కా మసీదులో జుమ్మా నమాజు కాబట్టి మధ్యాహ్నం చార్మినార్ చుట్టుపక్కల కాలు పెట్టే సందుండదు. ఒకసారి తెలియక వెళ్తే మాకు మ్యూజియం గేటు చూపించి ముత్యాల దుకాణానికి తీసుకెళ్లారు. మా అత్తయ్య ఇప్పటికీ దెప్పుతుంది.

మ్యూజియంలో గైడ్ ఎంత తొందరపెట్టినా సరే, పన్నెండుకు పావుగంట ముందే మ్యూజికల్ క్లాక్ ముందు చోటు పట్టేయండి. చిన్న గడ్డం బొమ్మ బయటికొచ్చి టంగ్ టంగ్‌మని గంటలు కొట్టి లోపలికి పోతుంది, అంతే, కానీ హాలంతా జనం పిల్లల్లా నోరు తెరుచుకుని చూస్తారు. ఒంటిగంటకు వెళ్తే ఒక్క దెబ్బే, పన్నెండుకైతే పన్నెండు!

గోల్కొండలో ద్వారం దగ్గర గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీద బాలా హిసార్ మంటపం దాకా వినిపిస్తుందని గైడ్ చెప్తే తలూపి వచ్చేయకండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను కింద కూర్చోబెట్టి, పైకెక్కినవాళ్లు ఫోన్ చేశాక కిందున్న ఆ పెద్దవాళ్లతోనే చప్పట్లు కొట్టించండి. మెట్లెక్కలేదన్న బాధ ఉండదు. నీళ్ల సీసా కిందే నింపుకోండి.