‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ను ఎలా వాడాలి?

‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అనే ఇంగ్లీషు జాతీయం వినగానే మనకు ‘అమావాస్యకో పున్నానికో’ గుర్తుకు వస్తుంది. రెండింటిలోనూ చంద్రుడి ప్రస్తావనే ఉంది, రెండూ ‘ఎప్పుడో ఒకసారి’ అనే చెబుతాయి. కాబట్టి అర్థం పట్టుకోవడానికి ఆ పోలిక చాలు, వాక్యం కట్టడానికి మాత్రం చాలదు.

చిక్కంతా మన వ్యతిరేక క్రియతో వస్తుంది. ‘అతను ఎప్పుడో గానీ ఫోన్ చేయడు’ అని మనం సహజంగా అంటాం. దాన్నే మాటకు మాటగా ఇంగ్లీషులో పెడితే ‘హి డజ్ నాట్ కాల్ మి వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అని తయారవుతుంది, అది తప్పు. అరుదుగానైనా ఆ పని జరుగుతోందని చెప్పే జాతీయం ఇది. అందువల్ల ‘హి కాల్స్ మి వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అని, ‘నాట్’ లేకుండా, క్రియను అనుకూలార్థంలోనే ఉంచాలి. జాతీయాన్ని సాధారణంగా వాక్యం చివర పెడతారు. ‘ఎ’ స్థానంలో ‘ది’ చేర్చకూడదు.

రెండో పొరపాటు ‘వన్స్’ అనే మాట వల్ల జరుగుతుంది. జీవితంలో ఒకే ఒక్కసారి పులిని చూసినవారు ‘ఐ సా ఎ టైగర్ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అనకూడదు, ‘ఐ సా ఎ టైగర్ వన్స్’ అంటే సరిపోతుంది. ఏళ్ల తరబడి ఎడం ఉన్నా మళ్లీ మళ్లీ జరిగేదానికే ఈ జాతీయం వర్తిస్తుంది. ‘హౌ ఆఫెన్’ అనే ప్రశ్నకు జవాబుగా ఇది ఒదిగితే వాడుక సరైనదేనని నా లెక్క. సంభాషణలోనూ స్నేహితులకు రాసే ఉత్తరాల్లోనూ బాగుంటుంది కానీ, ఆఫీసు నివేదికలో ‘రేర్లీ’ రాయడమే మేలు.

ఇక ఆ నీలి చంద్రుడి సంగతి. ఒకే నెలలో వచ్చే రెండో పౌర్ణమిని బ్లూ మూన్ అంటారని, జాతీయం దాని నుంచే పుట్టిందని తరచూ చెబుతుంటారు. పౌర్ణమికీ పౌర్ణమికీ మధ్య సుమారు ఇరవై తొమ్మిదిన్నర రోజులే ఉంటాయి కనుక, రెండు మూడేళ్లకోసారి ఒకే నెలలో రెండు పౌర్ణములు పడటం నిజమే. అయితే ఆ నిర్వచనం 1946లో ‘స్కై అండ్ టెలిస్కోప్’ అనే అమెరికన్ పత్రికలో వచ్చిన ఒక పొరపాటు వల్ల వ్యాపించింది. జాతీయమేమో పంతొమ్మిదో శతాబ్దం నాటికే వాడుకలో ఉంది. చంద్రుడు నిజంగా నీలంగా కనిపించిన సందర్భాలూ లేకపోలేదు: 1883లో క్రకటోవా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు గాలిలోకి ఎగసిన సన్నని ధూళి ఎరుపు కాంతిని చెదరగొట్టడంతో చంద్రబింబం నీలిరంగు పులుముకుంది.