వెస్టన్ పాత మెంటల్ హాస్పిటల్‌లో ఘోస్ట్ హంట్ సరిగ్గా ఎలా చేయాలంటే

అమెరికా ఈస్ట్ కోస్ట్ వైపు ఉండే మనోళ్ళు ఎవరైనా మొదటిసారి ఘోస్ట్ హంట్‌కి, అంటే రాత్రిపూట దెయ్యాల జాడ వెతకడానికి, ఎక్కడికెళ్ళాలి అని అడిగితే నేను చెప్పేది ఒకటే, వెస్ట్ వర్జీనియాలో వెస్టన్ అనే చిన్న ఊళ్ళో ఉన్న ట్రాన్స్ అలెఘేనీ లూనాటిక్ అసైలమ్ అనే పాత మెంటల్ హాస్పిటల్. 1864లో పేషెంట్లని చేర్చుకోవడం మొదలైంది, 1994లో మూతపడింది, 2007లో వేలంలో ఒకాయన 15 లక్షల డాలర్లకి కొనుక్కుని టూర్లు నడపడం మొదలుపెట్టాడు, కాబట్టి టికెట్ కొనుక్కుని దర్జాగా లోపలికెళ్ళి రాత్రంతా ఉండొచ్చు. డేట్లు, టైమింగులు వాళ్ళ సైట్‌లో చూసి ముందే బుక్ చేసుకోండి. నలుగురైదుగురు కలిసి వెళ్ళడం బెస్ట్, ఒక్కరే వద్దు, పదిమంది అసలే వద్దు.

గోడ దూకి వెళ్ళే పాడుబడ్డ హాస్పిటల్స్ జోలికి మాత్రం పోకండి ప్లీజ్. స్టూడెంట్ వీసా మీదో హెచ్ వన్ వర్క్ వీసా మీదో ఉన్నప్పుడు ట్రెస్‌పాసింగ్ కింద అరెస్ట్ అయితే తర్వాత ప్రతి వీసా అప్లికేషన్‌లో ఆ సంగతి రాయాల్సిందే, వీసా స్టాంపింగ్ దగ్గర ఎంత టెన్షనో మీకే తెలుసు. ఇండియా వెళ్ళినప్పుడు ఎర్రగడ్డలో చేద్దామా, వైజాగ్ చినవాల్తేరులో చేద్దామా అనేవాళ్ళకి కూడా ఒకటే మాట, అవి ఇప్పటికీ పేషెంట్లు ఉన్న హాస్పిటల్స్, వాటి వైపు కెమెరా కూడా తిప్పొద్దు.

రాత్రి హంట్ ఉందంటే పగలే చేరుకోండి. అన్నిటికన్నా ముఖ్యమైన స్టెప్ ఇదే, మనోళ్ళు ఎక్కువగా వదిలేసేదీ ఇదే. పగలు టూర్ తీసుకుని, రాత్రి మీరు కూర్చోబోయే వార్డులు వెలుతురులో చూడాలి. ఏ తలుపు దానంతటదే మూసుకుంటోంది, ఏ కిటికీకి అద్దం లేదు, నేల ఎటు వాలుగా ఉంది, ఏ గోడలో ఇంకా కరెంట్ వైరింగ్ లైవ్‌లో ఉంది, ఇవన్నీ నోట్ చేసుకోండి. ఈ బిల్డింగ్ కిర్క్‌బ్రైడ్ ప్లాన్‌లో కట్టారు, అంటే ప్రతి వార్డుకీ గాలీ వెలుతురూ రావాలని రెక్కల్లాగా మెట్లు మెట్లుగా వెనక్కి జరుపుకుంటూ పోయారు, అందుకే పొడవాటి కారిడార్లలో గాలి సర్రున వస్తుంది, ఒక చివర అడుగు పడితే ఇంకో చివర వినిపిస్తుంది. ఇది తెలీకుండా కూర్చుంటే ప్రతి చల్లగాలీ దెయ్యమే అనిపిస్తుంది.

అక్కడ లిలీ అనే చిన్నపిల్ల ఆత్మ ఉందని చెప్తారు, తన రూమ్‌లో వచ్చినవాళ్ళు బొమ్మలు పెట్టి వెళ్తుంటారు, బాల్ దొర్లిస్తే తిరిగి దొర్లిస్తుందని నమ్మకం. ట్రై చేయండి, కానీ ముందు అదే బాల్‌ని అదే నేల మీద నాలుగైదు చోట్ల ఊరికే వదిలి చూడండి, ఫోన్‌లో లెవెల్ యాప్ పెట్టి వాలు చూడండి. పాత నేల కదా. వాలుకి ఎదురుగా బాల్ కదిలితే అప్పుడు ఎక్సైట్ అవుదాం.

సామాన్ల విషయానికొస్తే మొదటిసారికే వేలు పోయొద్దు. మంచి వాయిస్ రికార్డర్లు రెండు, ఎర్ర లైట్ ఉన్న టార్చ్ మనిషికొకటి, స్పేర్ బ్యాటరీలు, ఒక కేటూ (K2) మీటర్, చాలు. కేటూ అనేది కరెంట్ ఫీల్డ్ చూపించే మీటర్ అంతే, సెల్‌ఫోన్ సిగ్నల్‌కీ వాకీటాకీకీ కూడా లైట్లు వెలుగుతాయి, అందుకే అందరి ఫోన్లూ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పడేయాలి. ఆత్మల మాటలు వినిపిస్తుందని అమ్మే స్పిరిట్ బాక్స్ నేనైతే తీసుకెళ్ళను, అది రేడియో స్టేషన్లని గబగబా తిప్పుతూ పోయే మెషిన్, అందులో ఏదో ఒక మాట వినబడకుండా ఎలా ఉంటుంది. టార్చ్ తల కాస్త వదులుగా తిప్పి పెట్టి ఆన్ చేయమని ఆత్మని అడిగే ట్రిక్ కూడా నమ్మొద్దు, లోపలి పార్టులు వేడెక్కి చల్లారే కొద్దీ కాంటాక్ట్ కలిసి విడిపోతుంది. ఫోటోల్లో తెల్లటి గుండ్రాలు అయితే ఫ్లాష్‌కి మెరిసిన దుమ్మే. ఆ దుమ్ములో పాత పెయింట్ పొట్టు కూడా ఉంటుంది, మాస్క్ పెట్టుకోండి, నిండుగా మూసే షూస్ వేసుకోండి, రాతి గోడలు కాబట్టి జాకెట్ కూడా.

ఇక సెషన్, అంటే రూమ్‌లో కూర్చుని ఆత్మని ప్రశ్నలు అడిగి రికార్డ్ చేయడం. రెండు రికార్డర్లు రూమ్‌కి రెండు మూలల్లో పెట్టి, టైమ్, రూమ్, ఎవరెవరున్నారో గట్టిగా చెప్పి మొదలెట్టండి. ఒక ప్రశ్న అడిగాక ఇరవై సెకన్లు నోరు మెదపొద్దు. ఎవరి కడుపైనా గుర్రుమన్నా, షూ కిర్రుమన్నా వెంటనే "అది నేనే" అని చెప్పేయాలి, లేకపోతే రెండ్రోజుల తర్వాత వింటున్నప్పుడు అదే మూలుగులా ఉంటుంది. గుసగుసలు అస్సలు వద్దు, మనం తెలుగులో మెల్లగా అనుకున్న "ఏంట్రా అది" అనేదే రికార్డింగ్‌లో తెలీని భాషలో ఎవరో పిలిచినట్టు వస్తుంది. ప్రశ్నలు మాత్రం ఇంగ్లీష్‌లోనే అడగండి, అక్కడ బతికినవాళ్ళ భాష అదే కాబట్టి.

ఏం అడగాలి అనేదాని గురించి నాకు కొంచెం గట్టిగానే చెప్పాలనుంది. ఈ బిల్డింగ్ 250 మంది కోసం కట్టింది, 1950ల్లో అందులో దాదాపు 2,400 మందిని కుక్కారు. మూర్ఛ వచ్చేవాళ్ళనీ, తాగుడు మానలేనివాళ్ళనీ, ఇంట్లోవాళ్ళకి భారమైన ఆడవాళ్ళనీ కూడా తెచ్చి వదిలేశారు. 1952లో వాల్టర్ ఫ్రీమన్ అనే డాక్టర్ వెస్ట్ వర్జీనియా స్టేట్ హాస్పిటల్స్ తిరిగి రోజుల వ్యవధిలో 200 మందికి పైగా లోబోటమీలు చేశాడు, అంటే కంటి పైనుంచి ఊచలాంటిది దింపి మెదడుకి చేసే ఆపరేషన్, ఆయన తిరిగిన హాస్పిటల్స్‌లో ఇది కూడా ఉంది. అలాంటి చోట నిలబడి "దమ్ముంటే బయటికి రా" అని అరవడం, పిచ్చోళ్ళ జోకులు వేయడం, వీడియో కోసం వెక్కిరించడం నాకు అస్సలు నచ్చదు, అలాంటివాళ్ళు మీ గ్రూప్‌లో ఉంటే తీసుకెళ్ళొద్దు. మీ పేరేంటి, మీ ఊరేది, ఇంటి నుంచి ఎవరైనా చూడ్డానికి వచ్చేవాళ్ళా, ఇలా మామూలుగా ఒక పెద్దాయనతో మాట్లాడినట్టు అడగండి. అక్కడి నుంచి రాళ్ళూ పెచ్చులూ ఏమీ తీసుకురావద్దు.

తెల్లారాక వెంటనే డ్రైవ్ చేయకండి, అవి కొండ రోడ్లు, దగ్గర్లో మోటెల్ తీసుకుని పడుకోండి.

రికార్డింగులు వినేటప్పుడు అందరూ ఒకేచోట కూర్చుని వినొద్దు. ఒకడు "హెల్ప్ మీ అంటోంది రా" అన్నాడంటే ఇక మిగతావాళ్ళకీ అదే వినబడుతుంది. ఫైల్ విడివిడిగా పంపించి, ఎవరికేం వినబడిందో టైమ్‌తో సహా రాసి పంపమనండి, ఆ తర్వాతే కలపండి. ముగ్గురు విడిగా ఒకే మాట రాసి, రెండో రికార్డర్‌లో కూడా అది ఉండి, మీ వాళ్ళెవరూ అది నేనే అనకపోతే ఆ క్లిప్ దాచుకోండి. నాయిస్ తీసేసి, వాల్యూమ్ పెంచి సాగదీసిన వెర్షన్ ఎవరికైనా పంపుతుంటే ఒరిజినల్ ఫైల్ కూడా కచ్చితంగా జత చేయండి.