స్పెక్ట్రమ్ ఎనలైజర్ స్వీప్‌లో తేడా వస్తే: మూత విప్పే ముందు చేయవలసిన పరీక్షలు

బెంగళూరు పీణ్యాలోని చిన్న ల్యాబుల్లో పనిచేసే మనవాళ్ల నుంచి తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది: సిగ్నల్ జనరేటర్‌లో 900 మెగాహెర్ట్జ్ పెట్టినా, సిగ్నల్ బలాన్ని ఫ్రీక్వెన్సీల వారీగా తెర మీద గీసే ఎనలైజర్‌లో మార్కర్ (గీత మీద పెట్టి చదివే గుర్తు) అర మెగాహెర్ట్జ్ పక్కన చూపుతోంది, స్వీప్ (ఫ్రీక్వెన్సీలను ఒక చివర నుంచి మరో చివరకు వరుసగా చదవడం) బోర్డు పోయినట్టేనా అని. ముందు ట్రేస్‌లో (తెర మీది గీతలో) ఎన్ని పాయింట్లున్నాయో చూడాలి. 1001 పాయింట్లతో 1 గిగాహెర్ట్జ్ స్పాన్ (తెర మీద కనిపించే ఫ్రీక్వెన్సీల వెడల్పు) పెడితే ఒక్కో పాయింటుకు మధ్య 1 మెగాహెర్ట్జ్ ఎడం ఉంటుంది కనుక, అంత తేడా లోపం కిందికే రాదు. స్పాన్ తగ్గించి, లేదా మార్కర్ కౌంటర్ (మార్కర్ దగ్గరి సిగ్నల్ ఫ్రీక్వెన్సీని నేరుగా లెక్కించే సదుపాయం) ఆన్ చేసి మళ్లీ చదవాలి.

స్వీప్ సమయాన్ని ఎవరైనా చేత్తో తగ్గించి ఉంటే ఆటోకు మార్చాలి. గాసియన్ తరహా అనలాగ్ ఫిల్టర్లకు కనీస స్వీప్ సమయం, స్పాన్‌ను రిజల్యూషన్ బ్యాండ్‌విడ్త్ (దగ్గరదగ్గరి సిగ్నళ్లను విడదీసే ఫిల్టర్ వెడల్పు) వర్గంతో భాగించగా వచ్చిన దానికి 2 నుంచి 3 రెట్లు. 100 కిలోహెర్ట్జ్ స్పాన్‌కు 1 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ పెడితే దాదాపు పావు సెకను. అంతకన్నా వేగంగా తిప్పితే ఫిల్టర్ అందుకోలేక, శిఖరం ఎత్తు తగ్గి కుడివైపుకు జరుగుతుంది. తెర మీద 'అన్‌కాల్' (రీడింగు నమ్మదగినది కాదనే హెచ్చరిక) అని కనబడితే ఆ రీడింగును రిజిస్టర్‌లో రాయకూడదు.

అప్పటికీ తేడా పోకపోతే, అది రిఫరెన్స్‌దో (పరికరం ఫ్రీక్వెన్సీలన్నిటికీ ఆధారమైన ఆసిలేటర్‌దో) స్వీప్‌దో తేల్చుకోవాలి. నా లెక్కలో సగం పని ఇదే. జనరేటర్ వెనుకనున్న 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్ అవుట్‌ను బీఎన్‌సీ కేబుల్‌తో ఎనలైజర్ రిఫరెన్స్ ఇన్‌కు కలిపి, మెనూలో ఎక్స్‌టర్నల్ రిఫరెన్స్ ఎంచుకోవాలి. కేబుల్ బిగించి మెనూ మరిచిపోవడం మామూలే. ఇప్పుడు రెండూ ఒకే ఆసిలేటర్ మీద నడుస్తాయి కాబట్టి, తేడా మాయమైతే తప్పు రెండింటిలో ఏదో ఒకదాని రిఫరెన్స్‌ది, మిగిలితే స్వీప్‌ది. రిఫరెన్స్ 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) తప్పితే 1 గిగాహెర్ట్జ్ వద్ద వచ్చే తేడా 1 కిలోహెర్ట్జ్ మాత్రమే. వందల కిలోహెర్ట్జ్ తేడాకు దాన్ని అనుమానించడం సాధారణంగా అనవసరం.

ఓవెన్ ఆసిలేటర్ (స్థిరమైన వేడిలో ఉంచే రిఫరెన్స్ ఆసిలేటర్) చల్లారితే రీడింగు నిలకడగా ఉండదు. కొన్ని మోడళ్లలో స్టాండ్‌బైలో కూడా ఓవెన్ వేడిగానే ఉంటుంది గానీ, రాత్రి కరెంటు పోయి వచ్చిన సంగతి పొద్దున వచ్చినవాళ్లకు తెలియదు. పరికరాన్ని యూపీఎస్ మీద పెట్టి, మాన్యువల్ చెప్పిన వార్మప్ సమయం ఆగాలి. 101.3 మెగాహెర్ట్జ్‌లోని ఆకాశవాణి ఎఫ్‌ఎం రెయిన్‌బోను ప్రమాణంగా వాడదామనిపిస్తుంది గానీ, ఎఫ్‌ఎం ప్రసారంలో ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ 75 కిలోహెర్ట్జ్ దాకా ఊగుతుంది కనుక అది ఈ పనికి రాదు.

తప్పు స్వీప్‌దే అని తేలితే, రిఫరెన్స్ కేబుల్ అలాగే ఉంచి 100 మెగాహెర్ట్జ్ స్పాన్‌లో ఎడమ అంచు నుంచి 10, 50, 90 మెగాహెర్ట్జ్ దూరంలో సిగ్నల్ ఇచ్చి, మూడుచోట్లా తేడా రాసుకోవాలి. మూడూ సమానంగా జరిగితే సెంటర్ ఫ్రీక్వెన్సీ తప్పు. తేడా ఒక అంచు నుంచి రెండో అంచుకు క్రమంగా మారుతూ పోతే ర్యాంప్ (స్వీప్‌ను నడిపే, క్రమంగా పెరిగే వోల్టేజీ) ఎత్తు, అంటే స్పాన్ సర్దుబాటు, తప్పింది. రెండు అంచులూ సరిగ్గా ఉండి మధ్యలో మాత్రమే వంగితే లీనియారిటీ (ర్యాంప్‌కు తగ్గట్టు ఫ్రీక్వెన్సీ సమానంగా పెరగడం) చెడిందని అర్థం. విశాలమైన స్పాన్లలో యిగ్ ఆసిలేటర్‌ను (అయస్కాంత క్షేత్రంతో ఫ్రీక్వెన్సీ మార్చే రకాన్ని) ర్యాంప్‌తో నడిపే పాత ఎనలైజర్లలో ఈ సమస్యకు ఆస్కారం ఎక్కువ. ఇదే పరీక్షను 1 మెగాహెర్ట్జ్ స్పాన్‌లోనూ చేయాలి, ఎందుకంటే అనేక మోడళ్లలో చిన్న, పెద్ద స్పాన్లకు స్వీప్ మార్గాలు వేరు.

ఎనలైజర్‌లోని కాలిబ్రేటర్ (తెలిసిన ఫ్రీక్వెన్సీ సిగ్నల్ ఇచ్చే భాగం) అవుట్‌పుట్‌ను దాని ఇన్‌పుట్‌కు కలిపి ఫ్రీక్వెన్సీ సెల్ఫ్ కాలిబ్రేషన్ నడిపాక కూడా తేడా స్పెసిఫికేషన్ దాటుతుంటే, లోపలి ప్రీసెట్లను (సర్దుబాటు స్క్రూలను) ముట్టుకోకుండా పీణ్యాలోనే ఉన్న ప్రభుత్వ పరీక్షా కేంద్రం ఈటీడీసీకి గానీ, ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపున్న మరో ల్యాబుకు గానీ పంపాలి. సర్దుబాటుకు ముందు తీసిన రీడింగులు కూడా సర్టిఫికెట్‌లో ఉండాలని పని అప్పగించేటప్పుడే రాసివ్వాలి.