కామెడీ స్కిట్‌కు నవ్వుల సౌండ్ వేయాలా, వద్దా? వేస్తే ఎట్లా వేయాలి?

ఫోన్‌తో షూట్ చేసి ఊరి కామెడీ వీడియోలు పెట్టే పిల్లలు ఇప్పుడు నల్లగొండ, దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, ఎటు చూసినా ఉన్నారు. మన యాసలో మంచి మంచి డైలాగులు రాస్తున్నారు, నటన కూడా బాగుంటుంది. తీరా ఎడిటింగ్‌కు కూర్చున్నాక ఎక్కడో డౌన్‌లోడ్ చేసిన ఒకే ఒక్క లాఫింగ్ సౌండ్‌ను ప్రతి డైలాగ్ వెనకా అతికిస్తున్నారు, అక్కడే వీడియో పోతోంది. నా మాట సూటిగా చెబుతా: నవ్వుల సౌండ్ చెడ్డది కాదు, కానీ అది ఉండాలా వద్దా అన్నది స్క్రిప్ట్ రాసేటప్పుడే తేల్చుకోవాలి. షూటింగ్ అంతా అయిపోయాక "కొంచెం డల్‌గా ఉంది, సౌండ్ వేద్దాం" అనుకుంటే దాదాపు ప్రతిసారీ దెబ్బ కొడుతుంది.

ఎందుకో చూడండి. అమెరికాలో 1994 నుంచి 2004 దాకా వచ్చిన ఫ్రెండ్స్ అనే కామెడీ సీరియల్‌ను చాలావరకు ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టి తీశారు. జనం నవ్వుతున్నంతసేపు నటులు ఆగి, నవ్వు తగ్గుతుండగా తర్వాతి డైలాగ్ అందుకునేవాళ్లు. అలాంటి సీరియళ్ల క్లిప్పుల్లో నవ్వు తీసేసి ఎవరెవరో యూట్యూబ్‌లో పెట్టారు, దొరికితే చూడండి, మనుషులు ఊరికే ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకుంటూ నిలబడ్డట్టు ఉంటుంది. మన వీడియోల్లో జరిగేది దీనికి తిరగమరగ: డైలాగ్ మీద డైలాగ్ గబగబా పడేటట్టు తీసి, తర్వాత మధ్యలో నవ్వు ఇరికిస్తే వెనక వచ్చే మాట వినపడదు. తరచూ ఆ వినపడని మాటే అసలు పంచ్ అయి ఉంటుంది.

కాబట్టి మొదట మీ స్కిట్ ఏ రకమో చూసుకోండి. ఇద్దరు ముగ్గురు వరసగా నిలబడి, స్టేజీ మీద ఆడినట్టు మాటకు మాట అందించుకునే రకమైతే నవ్వు సరిపోతుంది, అక్కడ చూసేవాళ్లకు పక్కన జనం ఉన్నట్టు ఉంటేనే హుషారు. 2013లో ఈటీవీలో మొదలైన జబర్దస్త్‌లో పంచ్ పడగానే జడ్జీలు నవ్వే ముఖాలు చూపించడం కూడా ఈ పనికే. అదే ముఖాల మీద, మౌనం మీద, ఇబ్బంది మీద నడిచే కామెడీ అయితే వద్దు. 2001లో బ్రిటన్‌లో వచ్చిన ది ఆఫీస్ అనే కామెడీ సీరియల్‌లో నవ్వుల సౌండ్ అసలే లేదు, పెట్టి ఉంటే ఆ ఇబ్బంది అంతా చెదిరిపోయేది. మన పాలమూరు ముసలోళ్ల హాస్యం సరిగ్గా ఈ రెండో రకం. అరుగు మీద కూర్చొని ముఖంలో ఏ మార్పూ లేకుండా ఒక మాట అనేసి మళ్లీ చుట్ట వెలిగించుకుంటారు, మనకు అర్థమై నవ్వు వచ్చేసరికి రెండు క్షణాలు పడుతుంది. ఆ రెండు క్షణాలు చూసేవాడివి. అందులో మీరు సౌండ్ దూర్చితే వాడి నవ్వు వాడికి దక్కదు.

వేద్దామని తేల్చుకుంటే షూటింగ్‌లోనే జాగా వదలండి. పంచ్ పడ్డాక నటుడు బొమ్మలా నిలబడొద్దు, చేతికి ఏదో పని ఇవ్వండి: తువ్వాల దులపడం, చాయ్ ఒక గుటక తాగడం, చెప్పు వెతుక్కోవడం. అప్పుడు నవ్వు ఉన్నా లేకున్నా ఆ జాగా ఖాళీగా కనపడదు, రేపు సౌండ్ తీసేయాలనిపించినా షాట్ పనికొస్తుంది.

తర్వాత, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైన పని: సౌండ్ ఏమీ వేయని కట్‌ను మనుషులకు చూపించండి. మీ టీమ్ వాళ్లకు కాదు, వాళ్లకు స్క్రిప్ట్ ముందే తెలుసు. వాడకట్టు వాళ్లను, చాయ్ హోటల్ దగ్గర కూర్చున్నవాళ్లను, పొలం పని అయిపోయి వచ్చిన అమ్మలను కూర్చోబెట్టి చూపించండి. మీరు ఎదురుగా కూర్చొని వాళ్ల ముఖాల్లోకి చూడొద్దు, మొహమాటానికి నవ్వుతారు. వెనక నిలబడి, ముందే అడిగి, ఇంకో ఫోన్‌లో వాళ్ల గొంతులు రికార్డ్ చేయండి. ఎన్నో సెకనులో నవ్వారు, ఎంతసేపు నవ్వారు అన్నది రాసుకోండి. ఎవరూ నవ్వని చోట సౌండ్ వేసి కప్పిపెట్టొద్దు, ఆ డైలాగ్ మార్చండి లేదా కోసేయండి. సౌండ్‌కు బలం లేదని నేను అనడం లేదు. 2019లో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకులు 40 చప్పని జోకులకు నవ్వులు జోడించి వినిపిస్తే విన్నవాళ్లు వాటికి ఎక్కువ మార్కులు వేశారు, అందులోనూ కావాలని నవ్విన నవ్వు కంటే ఆపుకోలేక వచ్చిన నవ్వు ఎక్కువ పనిచేసింది. అంటే చప్పని జోకును కాస్త లేపగలదు. కానీ ప్రతి జోకునూ అట్లా లేపుకుంటూ పోతే చూసేవాళ్లు మూడో వీడియోకు గుర్తుపట్టేస్తారు, నాలుగోది తెరవరు.

ఆ పరిశోధనలో మనకు పనికొచ్చేది రెండో సంగతి. నిజం నవ్వు కావాలి, అందుకే మీ నవ్వులు మీరే రికార్డ్ చేసుకోండి. 1950లలో అమెరికాలో చార్లెస్ డగ్లస్ అనే సౌండ్ ఇంజనీర్ నవ్వుల టేపులన్నీ ఒక పెట్టెలో అమర్చి, టైపు మిషన్ లాంటి మీటలు నొక్కి కావలసిన నవ్వు తీసేవాడు. అతను దాచుకున్న నవ్వుల్లో కొన్ని మాటలు లేని మూకాభినయం స్కిట్లకు జనం నవ్వినవని చెబుతారు. కిటుకు అక్కడే ఉంది, వెనక డైలాగ్ లేకపోతే నవ్వు శుభ్రంగా దొరుకుతుంది. మీరూ మాటలు లేని ఒక తమాషా వీడియో చూపించి రికార్డ్ చేయండి. చిన్న ముసిముసి నవ్వులు, ఒక్క అవ్వ పగలబడి నవ్వినది, పదిమంది కలిసి నవ్వినది, అన్నీ విడివిడిగా ఉంచుకోండి. వేపచెట్టు కింద తీసిన సీన్‌కు అమెరికా హాల్‌లో నవ్విన నవ్వు పెడితే పెళ్లి పందిట్లో వేరే ఊరి బ్యాండ్ వినపడ్డట్టు ఉంటుంది. పైగా వేరే సీరియల్ నుంచి కోసిన నవ్వుకు కాపీరైట్ టెన్షన్ కూడా. రికార్డ్ చేసే వీలు లేకపోతే యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సౌండ్ ఎఫెక్టులు ఉంటాయి, వాటిలో వెతకండి.

ఇక టైమింగ్. మన మాటలో పంచ్ పడ్డాక తోక ఒకటి ఉంటుంది. "వాడు అప్పు ఇయ్యనీకి రాలేదే, నా దగ్గర అప్పుకే వచ్చిండు గదనే అవ్వా" అన్నామనుకోండి, జనం "వచ్చిండు" దగ్గరే నవ్వు మొదలుపెడతారు, "గదనే అవ్వా" ఆ నవ్వులో కలిసిపోతుంది. చాలామంది ఎడిటింగ్‌లో వాక్యం మొత్తం అయ్యాక సౌండ్ పెడతారు, అందుకే ఆలస్యంగా, అతికించినట్టు ఉంటుంది. తోక మీదే సన్నగా మొదలుపెట్టి, మాట అయ్యాక పెంచి, తర్వాతి డైలాగ్ మొదటి మాట కింద మెల్లగా దించండి. ఒక్కసారిగా కోయొద్దు. వాల్యూమ్ ఎప్పుడూ డైలాగ్ కంటే తక్కువే. ఫోన్ స్పీకర్లోనూ టీవీలోనూ రెండింటిలోనూ విని చూడండి, ఇయర్‌ఫోన్‌లో బాగున్నది టీవీలో రొదగా ఉంటుంది. పెద్ద నవ్వు వీడియో మొత్తానికి ఒక్కచోట చాలు.

ఎక్కడ వేయకూడదో కూడా చెప్పాలి, ఇది నేను గట్టిగా చెబుతున్నా. అమెరికాలో 1972 నుంచి 1983 దాకా యుద్ధంలో మిలిటరీ డాక్టర్ల మీద వచ్చిన మ్యాష్ సీరియల్‌కు చానల్ నవ్వులు పెట్టాలని పట్టుబడితే, ఆపరేషన్ గది సీన్లలో మాత్రం వద్దని తీసినవాళ్లు ఒప్పించుకున్నారు. మనకూ అలాంటి గదులు ఉన్నాయి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంగినవాళ్లు, నడుము లేవనివాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. వంకర నడక నడిచి చూపించి దాని మీద నవ్వు వేసిన స్కిట్లు చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది. సౌండ్ లేకపోతే అది నటుడి తప్పుగా మిగిలేది, సౌండ్ పడగానే ఊరంతా వాళ్లను చూసి నవ్వినట్టు అవుతుంది. నత్తి, నల్ల రంగు, కులం పేరు, పెళ్లాన్ని కొట్టడం, వీటి మీద కూడా వేయొద్దు. సీన్‌లో ఎవరు దెబ్బ తింటున్నారో చూసుకుని, అక్కడ చేయి ఆపండి.

చివరగా ఎడిటింగ్ యాప్‌లో నవ్వులను వేరే ఆడియో లేయర్‌లో ఉంచండి, డైలాగ్‌తో కలిపేయొద్దు. నవ్వులతో ఒకటి, నవ్వులు లేకుండా ఒకటి, రెండు ఫైళ్లు తీసి పెట్టుకుని, మొదట చూపించినవాళ్లకు కాకుండా కొత్తవాళ్లకు రెండూ చూపించండి. వాళ్లు ఏది నచ్చిందన్నారో దాన్నే అప్‌లోడ్ చేయండి, మీకు ఇంకోటి ముద్దొచ్చినా సరే.